సంక్రాంతి టికెట్టూ, దారిలో పక్షులూ



జంషెడ్‌పూర్‌లో మాంగో, సాక్చీ, కదమా తెలుగువారిలో సంక్రాంతికి ఊరెళ్లాలనుకునేవాళ్లు ఈపాటికి టికెట్లు తీసుకునే ఉంటారు. రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది కాబట్టి, నవంబరు సగం గడిచేసరికి మన ఇళ్లలో ఆ కంగారు మొదలవుతుంది. లోయర్ బెర్తు దొరికిందా, పిల్లల సెలవులు కలిశాయా, అరిసెలు ఇక్కడినుంచి పట్టుకెళ్లాలా, అక్కడ వండుతారా అని మాట్లాడుకుంటాం. ఆ టికెట్టు దగ్గర పెట్టుకుని కాసేపు నా మాట వినండి. ఈసారి ఆ ప్రయాణంలోనే రెండు రోజులు పక్షుల కోసం కేటాయించమని అడగడానికి వచ్చాను.

పక్షుల్ని చూడటం అనగానే భరత్‌పూర్ అనో, హిమాలయాలు అనో అనుకుంటారు. అంత దూరం అక్కర్లేదు. మన తాతలు, తండ్రులు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి రేకుపెట్టె పట్టుకుని టాటా కర్మాగారంలో పనికి వచ్చిన దారి ఉంది చూశారూ, ఆ దారే పక్షుల దారి. టాటానగర్ నుంచి మన ఊళ్లకు రెండు రకాలుగా వెళ్తాం. కొందరు రాయగడ మీదుగా విజయనగరం చేరతారు. కొందరు ఖరగ్‌పూర్‌లో బండి మారి, సముద్ర తీరం వెంబడి దిగుతారు. పక్షులు కావాలంటే తీరం దారి పట్టండి. ఆ దారిలో చిలికా సరస్సు ఉంది, ఇచ్ఛాపురం పక్కన తేలుకుంచి ఉంది, టెక్కలి పక్కన తేలినీలాపురం ఉంది. నేను చిన్నప్పటినుంచి ఎన్నిసార్లు ఆ దారిన వెళ్లానో లెక్కలేదు. చిలికా వచ్చే వేళకు నిద్రలో ఉండేవాణ్ణి. తేలినీలాపురం మా ఊరికి అంత దగ్గరని నాకు నలభై ఏళ్లు దాటాక తెలిసింది. ఆ బాధ మీకు వద్దనే ఈ ప్రసంగం.

అయితే కన్ను అలవాటు పడకుండా నేరుగా చిలికాకు వెళ్తే, కనిపించినవన్నీ కొంగలూ బాతులే. కాబట్టి అభ్యాసం ఇంటి దగ్గరే మొదలుపెట్టాలి. మాంగో వాళ్లకు ఆ భాగ్యం ఉంది. వంతెన నుంచి డిమ్నా రోడ్డు పట్టుకుంటే పది పన్నెండు కిలోమీటర్లలో డిమ్నా సరస్సు. జంషెడ్‌పూర్ తాగునీటి కోసం 1940ల్లో టాటా ఉక్కు కంపెనీ కట్టించిన జలాశయం అది. ఒకవైపు నీళ్లు, వెనకాల గోడలా దల్మా కొండలు. కొండ గద్దలకు, నీళ్లు బాతులకు. రెండూ ఒకే చోట నిలబడి చూడగలిగే స్థలం పట్నానికి ఇంత దగ్గరలో ఉండటం మామూలు విషయం కాదు.

ఇక్కడ ఒక్క సంగతి మనసులో పెట్టుకోవాలి. ప్రయాణం మన సెలవును బట్టి వేసుకుంటే పక్షులు కనిపించవు. వాటి వేళను బట్టి వేసుకోవాలి. నేను మొదటిసారి డిమ్నాకు వెళ్లింది ఒక జనవరి 1న, పదిన్నరకు. గట్టు నిండా పిక్నిక్ జనం, పొయ్యిలు, పాటల పెట్టెలు. నీళ్ల మీద ఒక్క బాతు లేదు. అవన్నీ సరస్సు అవతలి ఒడ్డున, కంటికి ఆనని దూరంలో చుక్కల్లా ఉన్నాయి. డిసెంబరు 25, జనవరి 1, ఆదివారాలు వదిలేయండి. మకర సంక్రాంతి నాడు టుసు పండుగకు సువర్ణరేఖ ఒడ్డులన్నీ జనంతో నిండిపోతాయి, అది ఇక్కడివాళ్ల పండుగ, ఆనాడు మనం పక్కకు తప్పుకోవాలి. మామూలు మంగళవారమో, బుధవారమో ఎంచుకోండి. డిసెంబరు, జనవరిలో మనకు ఆరుంబావు ప్రాంతంలో తెల్లవారుతుంది. ఆ సమయానికి గట్టు మీద ఉండాలి. సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా నిలబడండి. ఎదురెండలో చూస్తే తెల్లబాతు కూడా నల్లగానే కనిపిస్తుంది.

మొదట నీళ్లమీద నల్లగా, గుండ్రంగా, గుంపులు గుంపులుగా తేలుతున్నవి కనిపిస్తాయి. ముక్కు తెల్లగా ఉండి, ఆ తెలుపు నుదుటి దాకా పాకి ఉంటుంది. దాన్ని బొల్లి కోడి అంటారు. మన పల్లెల్లో నుదుట తెల్ల మచ్చ ఉన్న ఆవును బొల్లావు అంటాం చూడండి, అదే బొల్లి ఇది. ఈ పక్షి పైకి లేవాలంటే నీళ్ల మీద కాళ్లతో తపతపా పరుగెత్తి గానీ లేవలేదు. పక్కనే పిడికెడంత పిట్ట ఒకటి ఇప్పుడే కనిపించి, ఇప్పుడే మాయమై, ఇరవై గజాల అవతల తేలుతుంది. అది మునుగుడు కోడి. మొద్దు మీద రెక్కలు ఆరబెట్టుకుంటూ కూర్చున్నది నీటికాకి. మట్టి రంగులో, మెడ చాచి, ఈలల్లాంటి కూతలతో గుంపుగా ఎగిరేది చిలువ. ఈ నాలుగూ గుర్తుపట్టడం వస్తే మీకు సగం చదువు వచ్చినట్టే. మిగిలిన బాతులు వీటితో పోల్చి నేర్చుకోవచ్చు.

ఒకనాటి ఉదయం నేను చూసింది చెప్తాను. ఏడుంబావు అయి ఉంటుంది. బొల్లి కోళ్లు విడివిడిగా మేస్తున్నాయి. ఉన్నట్టుండి అవన్నీ ఒకదానికొకటి దగ్గరగా ఈదుకుంటూ వచ్చి నల్లటి ముద్దలా అయిపోయాయి. ఒక్క కూత లేదు. చిలువలు ఒక్కసారిగా గాలిలోకి లేచాయి. నేను వాటినే చూస్తున్నాను. నా పక్కనున్న సంతాలీ పెద్దాయన నా భుజం తట్టి, ఒడ్డుకేసి వేలు చూపించాడు. ఒడ్డున గడ్డి మీదుగా, మనిషి ఎత్తులో, గోధుమ రంగు గద్ద ఒకటి రెక్కలు కొంచెం పైకెత్తి పట్టుకుని తూలుతూ వస్తోంది. రెక్క ఆడించడం లేదు. తల దించి గడ్డినే చూస్తోంది. చిత్తడి నేలల మీద తిరిగే గద్ద అది, చలికాలంలోనే మన దేశానికి వస్తుంది. గుంపు మీదుగా రెండుసార్లు తిరిగింది. అది తమ మీదికి వచ్చినప్పుడల్లా బొల్లి కోళ్లు నీళ్లు చిమ్మాయి. గుంపు నుంచి విడిపోయిన కుంటిదో, నీరసమైనదో దొరుకుతుందేమోనని దాని ఆశ. ఆరోజు దొరకలేదు. వెళ్లిపోయింది. నిమిషంలో బొల్లి కోళ్లు మళ్లీ చెదిరి మేతలో పడ్డాయి.

ఆ పెద్దాయన నేర్పింది నేను ఇప్పటికీ పాటిస్తాను. నీటి పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయంటే వాటిని చూడకండి. తలెత్తి ఆకాశం చూడండి. గద్దల్ని మనం వెతకనక్కర్లేదు, బాతులే చూపిస్తాయి. నీళ్లనీ ఆకాశాన్నీ వేర్వేరుగా చూస్తే సగమే చూసినట్టు.

తొమ్మిది దాటాక కొండకేసి తిరగండి. ఎండకు దల్మా రాళ్లు కాగి, వేడిగాలి పైకి లేస్తుంది. బరువైన గద్ద రెక్కలు కొట్టుకుంటూ పైకి పోవాలంటే చాలా శక్తి కావాలి. అందుకే అది చెట్టు మీద ఓపిగ్గా కూర్చుని ఆ గాలి కోసం ఎదురు చూస్తుంది. గాలి అందగానే రెక్కలు చాచి, సుళ్లు తిరుగుతూ, ఒక్క దెబ్బ కొట్టకుండా ఎక్కిపోతుంది. కాబట్టి తెల్లవారి నీళ్లు, తొమ్మిది నుంచి పదకొండున్నర దాకా కొండ, మధ్యాహ్నం విశ్రాంతి, మూడున్నర తర్వాత మళ్లీ నీళ్లు. ఒక రోజుకు ఇంతకు మించిన ప్రణాళిక అక్కర్లేదు.

అంత ఎత్తున ఎగిరే గద్ద రంగు కనపడదు. ఆకారం చూడాలి. మాంగో వంతెన మీద, మన చేపల బజారు మీద రోజూ తిరిగే మామూలు గద్దను ముందు బాగా చూడండి. దాని తోక చివర చేపతోకలా చీలి ఉంటుంది. గరుడ పక్షికి తోక గుండ్రంగా ఉంటుంది, తల, రొమ్ము తెలుపు, ఒళ్లు ఇటుకరంగు. పాముల గద్దకు రెక్క కింద అంచు పొడవునా వెడల్పయిన తెల్లటి పట్టీ ఉంటుంది, ఆకాశంలోంచి ఈల వేస్తూ తన ఉనికి తానే చెప్తుంది. దల్మా అడవి దానికి తగిన చోటు. డేగ చిన్నది, నాలుగైదుసార్లు రెక్క కొట్టి జారుతుంది, మళ్లీ కొట్టి జారుతుంది. పెద్ద జలాశయం మీద రెక్కలు మధ్యలో వంగినట్టుండి, కింద తెల్లగా ఉన్న గద్ద ఆగి ఆగి ఎగురుతూ కనిపిస్తే, ఊపిరి బిగబట్టి చూడండి. అది కాళ్లు ముందుకు చాచి నీళ్లలోకి పడి చేపతో లేస్తుంది. దానికి తెలుగులో ఎంత చక్కటి పేరుందో తెలుసా? కొరమీను గద్ద.

ఈ పేర్ల గురించి ఒక్క మాట చెప్పి తీరాలి. థామస్ కేవర్‌హిల్ జెర్డన్ అనే వైద్యుడు 1836లో మద్రాసు వచ్చాడు. అతన్ని మొదట పంపింది గంజాం ప్రాంతానికి. ఇప్పటి ఇచ్ఛాపురం, టెక్కలి అప్పట్లో గంజాం జిల్లాలోవే, 1936లో ఒడిశా ఏర్పడినప్పుడే విడిపోయాయి. తర్వాత నెల్లూరులోనూ పనిచేశాడు. 1862 నుంచి 64 దాకా వెలువడిన తన భారతదేశపు పక్షుల గ్రంథంలో అతను చాలా పక్షుల కింద తెలుగు పేరు కూడా రాశాడు. కొరమీను గద్ద, పిల్లి గద్ద, భైరి డేగ, జాలె డేగ, ఇవన్నీ మన బోయలూ, బెస్తలూ, రైతులూ పలికితే అతను విని రాసుకున్నవే అయి ఉండాలి. గడ్డి మీద తక్కువ ఎత్తులో పొంచి పొంచి తిరిగే గద్దకు పిల్లి అని పేరు పెట్టినవాడు ఎంత సేపు చూసి ఉంటాడు! నూటయాభై ఏళ్ల కిందట మన పల్లెవాడికి తెలిసిన పేర్లు ఈరోజు మన పిల్లలకు తెలియవు. సంక్రాంతి బరిలో కోడికి డేగ అనే పేరుందని తెలుసు, ఆ రంగు పేరు వెనకున్న పక్షి మాత్రం తెలియదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

రాబందు మాట కూడా చెప్పాలి. మన అమ్మమ్మల కాలంలో ఊరి చివర గుంపులుగా వాలిన రాబందులు 1990ల్లో దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. పశువులకు వాడే డైక్లోఫెనాక్ మందు వాటి ప్రాణం తీసింది. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. ఇప్పుడు ఎక్కడైనా ఒక రాబందు కనపడితే అది ఆ రోజుకు గొప్ప సంగతే.

దల్మా అభయారణ్యం లోపలికి వెళ్లాలనుకుంటే రాంచీ రోడ్డు మీదుగా మాకులకోచా గేటు దగ్గర అనుమతి తీసుకుని వెళ్లండి. 1976లో ఏర్పడిన అభయారణ్యం అది, 193 చదరపు కిలోమీటర్లు, ఏనుగుల చోటు. నడిచి తిరగాలన్న సాహసం వద్దు. చాండిల్ జలాశయానికి ఒక పూట పెట్టుకోవచ్చు, విశాలమైన నీళ్లు, కొరమీను గద్దకు అనువైనవి. ఆ నీళ్ల కింద ఎన్నో ఆదివాసీ ఊళ్లు మునిగి ఉన్నాయని మాత్రం మరవకుండా చూడండి.

సామాన్లు ఎక్కువ వద్దు. బైనాక్యులర్ ఒకటి కావాలి. దాని మీద రెండు అంకెలుంటాయి. మొదటిది ఎన్నిరెట్లు దగ్గరగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం ఎన్ని మిల్లీమీటర్లో. 8, 42 అని ఉన్నది తీసుకోండి. ఇంకా ఎక్కువ రెట్లున్నది కొంటే చెయ్యి వణికి ఏదీ నిలవదు. ఇంటికి ఒకటి చాలు, పిల్లలు వంతుల వారీగా చూస్తారు. ఒక నోటు పుస్తకం, పెన్సిలు, మట్టి రంగు బట్టలు, మంచినీళ్లు. ఫోనులో మెర్లిన్ అనే యాప్ పెట్టుకుంటే పేరు వెతుక్కోవడానికి పనికొస్తుంది. కానీ దానిలోని కూతలు వినిపించి పక్షుల్ని పిలవకండి. అవి వేరే పక్షి వచ్చి పడిందనుకుని మేత మానేసి కంగారు పడతాయి.

ఇప్పుడు మన టికెట్టు సంగతి. ఖరగ్‌పూర్, బాలాసోర్, భువనేశ్వర్ దాటి ఖుర్దా రోడ్ చేరాక ఒక రోజు దిగండి. అక్కడినుంచి రోడ్డు మీద టాంగీ వైపు వెళ్తే మంగలాజోడి. చిలికా ఉత్తరపు అంచున ఉన్న చిత్తడి పల్లె. ఒకప్పుడు ఆ ఊరి వాళ్లు బాతుల్ని వేటాడి అమ్మి బతికారు. ఇప్పుడు వాళ్లే పడవ మీద గడ వేస్తూ మనకు పక్షుల్ని చూపిస్తున్నారు. వేటకు పనికొచ్చిన కన్నే కాపాడటానికీ పనికొచ్చింది. జమ్ము గడ్డి మధ్య సన్నటి కాలువల్లో పడవ మోటారు లేకుండా జారుతుంటే, సూదితోక బాతులు, పొడుగు ముక్కుల ఉల్లంకులు పది గజాల దూరంలో మనల్ని పట్టించుకోకుండా మేస్తాయి. చక్రవాకం పేరు పద్యాల్లో విని ఉంటారు, ఆ నారింజ రంగు జంటల్ని అక్కడ చూడండి. తల వెనక రెండు నల్ల గీతలున్న బాతు కనపడితే అది హిమాలయం దాటి వచ్చిందని పిల్లలకు చెప్పండి. ఏడు వేల మీటర్లకు పైన ఆ బాతు ఎగిరినట్టు శాస్త్రవేత్తలు దానికి పరికరం కట్టి నమోదు చేశారు. చిలికా 1981లోనే ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది, మన దేశం నుంచి మొదట చేరిన రెండింటిలో ఒకటి.

దిగడం కుదరకపోతే కనీసం పగటి బండి ఎక్కండి. దక్షిణానికి వెళ్తున్నప్పుడు ఎడమ చేతి కిటికీ పట్టండి. బాలుగావ్ నుంచి రంభా దాకా సరస్సు పక్కనే పట్టాలు.

తేలుకుంచి గురించి నిజం చెప్పాలి. సంక్రాంతికి వెళ్తే అక్కడ చెట్లు ఖాళీగా ఉంటాయి. అక్కడికి వచ్చే నత్తగుల్ల కొంగ తొలకరికి వచ్చి, పిల్లల్ని చేసి, చలి ముదిరేలోగా వెళ్లిపోతుంది. దాన్ని చూడాలంటే వానాకాలంలో, దసరా సెలవుల్లోపు వెళ్లాలి. దాని ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. పిల్లగా ఉన్నప్పుడు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ వస్తుంది. నత్త చిప్పలోకి ముక్కు మొన జొనిపి, లోపలి కండను తెంచి, చిప్ప వదిలేసి మాంసం లాగుతుంది. వరిచేలో నత్తల్ని తినే పక్షి కాబట్టి రైతుకు చుట్టమే.

తేలినీలాపురానికి మాత్రం సంక్రాంతే సరైన కాలం. టెక్కలి, నౌపడా పక్కన చిన్న ఊరు. వానలు వెనకబట్టాక గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి, వేసవి ముదిరేదాకా ఉంటాయి. చింతచెట్లమీద, తుమ్మచెట్ల మీద ఇళ్ల పక్కనే గూళ్లు. నౌపడా ఉప్పు మళ్లలో, చెరువుల్లో వాటి మేత. గూడబాతు ముక్కు కింద సంచీ ఉంటుంది, పిల్ల ఆ సంచీలోకి తల పెట్టి, మెడదాకా దూర్చి, తల్లి తెచ్చిన చేపను తింటుంది. ఇది నేను ఒక ఇంటి అరుగు మీద కూర్చుని చూశాను. ఆ ఇంటి ముసలమ్మ నన్ను గట్టిగా మాట్లాడవద్దని సైగ చేసింది. “ఇవి మా ఊరి ఆడపడుచులు బాబూ. పురిటికొచ్చిన పిల్లల్ని ఎవులైనా అదిలిస్తారా?” అంది. రెట్టతో పెరడంతా తెల్లబడి, చేపల వాసన వీధంతా ఉంటే, ఆ మాట అనగలిగిన మనసు ఆ ఊరిది.

వాటిని అందరూ సైబీరియా పక్షులంటారు. కావు. గూడబాతూ, ఎర్రకాళ్ల కొంగా మన దక్షిణాసియా పక్షులే. వానల్ని, చేపల్ని బట్టి ఒక చెరువు నుంచి మరో చెరువుకు తిరుగుతాయి. ఇది చిన్న తప్పులా అనిపిస్తుంది గానీ, కాదు. వేల మైళ్ల నుంచి వచ్చే అతిథులనుకుంటే, రాకపోతే అక్కడేదో అయిందనుకుంటాం. మన పక్షులని తెలిస్తే, రాకపోతే మన చెరువుకే ఏదో అయిందని వెతుకుతాం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం తోటల్ని కూల్చినప్పుడు ఈ గూళ్ల చెట్లకూ దెబ్బ తగిలింది. ఆ తర్వాత ఒక చలికాలంలో, మేత చేపల ద్వారా పొట్టలో పురుగు చేరి గూడబాతులు పెద్ద సంఖ్యలో చనిపోయాయి. చెట్టు, చెరువు, చేప, ఈ మూడూ బాగుంటేనే ఆడపడుచు పుట్టింటికి వస్తుంది.

వెళ్లినవాళ్లు చెట్టు కింద నిలబడకండి. గూటికి దూరంగా ఉండండి. తల్లి లేచిపోతే కాకి వచ్చి గుడ్డు పట్టుకుపోతుంది. టపాకాయలు, డ్రోన్లు వద్దు. వలస బాతు మాంసం ఎవరైనా తెచ్చి పెట్టినా తినకండి, అది నేరం కూడా.

చివరిగా ఒక పని అప్పగిస్తాను. 1987 నుంచి ప్రతి జనవరి రెండు, మూడో వారాల్లో ఆసియాలో చాలా దేశాల్లో నీటి పక్షుల్ని లెక్కపెడతారు. మన దేశంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు దీన్ని నడుపుతున్నారు. సరిగ్గా మన సంక్రాంతి రోజులు. ఊరు వెళ్లలేక మాంగోలోనే ఉండిపోయేవాళ్లు, పండుగ జనం లేని ఒక ఉదయం పిల్లల్ని తీసుకుని డిమ్నా గట్టు మీద ఒక గంట నిలబడండి. తేదీ, గంట, ఏ పక్షి, ఎన్ని, పైన ఏ గద్ద తిరిగింది, ఇంతే రాయండి. పేరు తెలియకపోతే బొమ్మ గీయండి. ఆ కాగితం పారేయకుండా దాచండి. వచ్చే జనవరిలో అదే గట్టు మీద, అదే వేళకు, ఆ కాగితం చేతిలో పట్టుకుని మళ్లీ లెక్కపెట్టాలి.